మెట్టు దగ్గర గుర్తు ఎక్కడ పెట్టాలి: గోడకా, నేలకా, దారి మధ్యలోనా?

హైదరాబాద్ జీడిమెట్లలో నేను పనిచేసిన ఒక ప్యాకింగ్ యూనిట్‌లో రెండు షెడ్ల మధ్య నాలుగంగుళాల మెట్టు ఉండేది. పాత షెడ్డు నేల ఒక మట్టం, తర్వాత కట్టిన షెడ్డు నేల ఇంకో మట్టం. అక్కడ బోర్డు లేదని ఎవరూ అనలేరు. పసుపు త్రికోణం, అందులో నల్ల బొమ్మ, కింద ఇంగ్లిష్‌లో రెండు మాటలు, అన్నీ ఉన్నాయి. కాకపోతే దాన్ని తలుపు రెక్కకు అంటించారు. ఆ తలుపు పొద్దున ఎనిమిదింటికి తెరిస్తే మళ్లీ రాత్రికే మూసేది. పగలంతా రెక్క గోడకు ఆనుకుని ఉండేది, బోర్డు గోడను చూస్తూ ఉండేది. ఒకరోజు కార్టన్ ఎత్తుకొస్తున్న హెల్పర్ ఆ మెట్టు తట్టుకుని బోర్లా పడ్డాడు. మణికట్టు విరిగింది. మేనేజర్ నోట వచ్చిన మొదటి మాట: "బోర్డు ఉంది కదయ్యా, చూసుకోవద్దా?"

ఆ మాట ఇప్పటికీ చాలా చోట్ల వింటుంటాను. బోర్డు కొన్నారు, అంటించారు, ఆడిట్‌లో టిక్ పడింది, పని అయిపోయింది. నడిచేవాడి కాలు అక్కడ పడేలోపు కన్ను ఆ బోర్డు మీద పడుతుందా అన్నది ఎవరూ చూడరు. తర్వాత నేను మాదాపూర్ వైపు ఆఫీసు బిల్డింగుల నిర్వహణకు మారాను. జీడిమెట్లలో షాబాద్ బండలు, మాదాపూర్‌లో పాలిష్ గ్రానైట్. ఎదురుదెబ్బలు మాత్రం అవే. ఈ రెండు రకాల చోట్లా ఏ గుర్తు పనికొచ్చింది, ఏది డబ్బు దండగ అయింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు తాపీ పని, తర్వాత బోర్డు

ఏ బోర్డు కొందామా అనుకునే ముందు, మేస్త్రీని పిలిస్తే పోయే సమస్యేమో చూడండి. నాలుగంగుళాల మెట్టును సిమెంటుతో వాలుగా పోస్తే ర్యాంప్ అయిపోతుంది. అంగుళం ఎత్తుకు పన్నెండంగుళాల పొడవు అన్న లెక్కన నాలుగడుగుల వాలు చాలు. ట్రాలీ కూడా హాయిగా ఎక్కుతుంది. లేచిన టైల్‌కు బోర్డు పెట్టడం కంటే టైల్ మార్చడం తేలిక. దారికి అడ్డంగా ఎక్స్‌టెన్షన్ వైరు పోతుంటే ఇంకో ప్లగ్ పాయింట్ పెట్టించండి. అది కుదరకపోతే వైరు మీద రబ్బరు కేబుల్ కవర్ వేయండి. పసుపు నలుపు చారలతో రెండు పక్కలా వాలుగా ఉంటుంది కాబట్టి అడ్డూ తగ్గుతుంది, గుర్తూ అదే.

చట్టం ధోరణి కూడా ఇదే. 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ నేలలు, మెట్లు, దారులు గట్టిగా కట్టి, బాగా చూసుకుంటూ, అడ్డంకులు లేకుండా ఉంచాలంది. 33వ సెక్షన్ గుంతలకు, నేలలోని కంతలకు గట్టి మూత వేయాలి, లేదా కంచె కట్టాలి అంది. బోర్డు పెడితే సరిపోతుందని ఎక్కడా అనలేదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ కూడా పనిచోటును ప్రమాదాలు లేకుండా ఉంచడం యజమాని బాధ్యతేనంటుంది. కాబట్టి హెల్పర్ పడ్డాక "బోర్డు ఉంది కదా" అనడం జవాబు కాదు.

అయినా తీసేయలేని అడ్డులు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. అద్దె బిల్డింగ్‌లో మెట్టు కొట్టడానికి ఓనర్ ఒప్పుకోడు. మెషీన్ పునాది గట్టు కదలదు. రెండు బ్లాకులు కలిసే చోట ఎక్స్‌పాన్షన్ జాయింట్ మీద ఇనుప పట్టీ అర అంగుళం లేచే ఉంటుంది. గోడౌన్ షట్టర్ కింద ఇనుప చానల్ ఉండి తీరుతుంది. మిగతాదంతా వీటి గురించే.

గంటా, వారమా, ఎప్పటికీనా

బోర్డు రకం ఎంచుకోవడానికి నేను మొదట అడిగే ప్రశ్న ఈ అడ్డు ఎంతసేపు ఉంటుంది అని. చాలామంది ఇక్కడే పొరబడతారు. గంట పనికి శాశ్వత బోర్డు, శాశ్వత మెట్టుకు మడత బోర్డు పెడతారు.

గంటా రెండు గంటల పనికి మడత బోర్డు లేదా కోన్. మడత బోర్డంటే నేల మీద ఇంగ్లిష్ 'A' అక్షరంలా నిలబడేది, మన ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ వాళ్ల చేతిలో రోజూ కనిపించేదే. దానికి బొమ్మ ఉంటుంది, రెండు వైపుల నుంచీ కనిపిస్తుంది. కానీ తేలిక. పెడస్టల్ ఫ్యాన్ ముందు పెడితే పడుకుంటుంది. పడుకున్న మడత బోర్డు కంటే మంచి ఎదురుదెబ్బ ఇంకొకటి ఉండదు. కోన్‌కు బొమ్మ, మాట ఏమీ లేకపోయినా అర్థంకానివాళ్లు లేరు, అడుగున రబ్బరు బరువున్నది కొంటే గాలికి కదలదు. ఐదడుగుల కంటే ఇరుకు దారిలో మడత బోర్డు వద్దు, సగం దారి అదే తినేస్తుంది. అక్కడ కోన్ మేలు. లిఫ్ట్ లాబీ, క్యాంటీన్ లాంటి విశాలమైన చోట మడత బోర్డు బాగుంటుంది.

ఏది పెట్టినా పని అవగానే తీసేయాలి. ఒక బిల్డింగ్ లాబీలో పసుపు మడత బోర్డు పగలూ రాత్రీ అక్కడే ఉండేది. కొన్నాళ్లకు సెక్యూరిటీ అన్న వానాకాలంలో దానికి గొడుగు తగిలించడం మొదలుపెట్టాడు. అంటే అప్పటికే అది బోర్డుగా చచ్చిపోయి స్టాండుగా బతుకుతోందన్నమాట. నిజంగా నేల తడిసినరోజు దాన్ని చూసి ఎవరు ఆగుతారు?

కొన్ని రోజులు నడిచే రిపేరు పనులకు టేపులు, బ్యారికేడ్లు. ఇక్కడ రెండు గందరగోళాలున్నాయి. ఒకటి, వార్నింగ్ టేప్ అని అడిగితే దుకాణాల్లో రెండు వేర్వేరు వస్తువులు ఇస్తారు. నేలకు అంటుకునే జిగురు టేప్ ఒకటి, స్తంభాలకు కట్టే జిగురు లేని ప్లాస్టిక్ రిబ్బన్ ఒకటి. ముందే చెప్పకపోతే ఆఫీసుకొచ్చి రోల్ విప్పాక తెలుస్తుంది. రెండోది రంగు. పసుపు నలుపు చారలంటే ఇక్కడ అడ్డుంది, చూసుకుని వెళ్లండి అని. ఎరుపు తెలుపు చారలంటే ఇటు రావద్దు అని. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఈ జతలకు ఉన్న అర్థాలు అవే. దారి తెరిచే ఉంచి ఎరుపు తెలుపు రిబ్బన్ కడితే జనం రిబ్బన్ కిందినుంచి దూరడం నేర్చుకుంటారు. రేపు నిజంగా మూసిన చోట కూడా దూరతారు.

రిబ్బన్‌ను కుర్చీలకు కట్టడం మన దగ్గర జాతీయ అలవాటు. సాయంత్రానికి కుర్చీ ఎవరో తీసుకెళ్తారు, రిబ్బన్ మోకాలి ఎత్తుకు జారుతుంది, అదే కాళ్లకు చుట్టుకుంటుంది. కనీసం నడుం ఎత్తున, కదలని స్టాండ్లకు బిగించి కట్టాలి. తెరిచిన గుంత చుట్టూ మాత్రం రిబ్బన్ అసలు వద్దు. మనిషి ఆనినా ఆపే ఇనుప బ్యారికేడ్ కావాలి. ఇందులో బేరం లేదు.

ఇక ఎప్పటికీ ఉండే అడ్డుకు మడత బోర్డులూ కోన్లూ పెట్టకండి. నేలకు గుర్తు, గోడకు బోర్డు. రెండింటికీ డబ్బులు లేవంటే ఏది ముందు?

నేల గుర్తుకే నా ఓటు

పాత ఇళ్లలో గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేది పూజ కోసమే. కానీ మసక వెలుతురు వాకిట్లో ఆ పసుపు గీత కాలికి కూడా దారి చెప్పేది. గడప మీదే రాసేవాళ్లు, పక్క గోడకు రాసేవాళ్లు కాదు. ఎస్కలేటర్ మెట్ల అంచుకు పసుపు గీత, మెట్రో ప్లాట్‌ఫారం అంచుకు పసుపు పలకలు, ఇవన్నీ అదే పద్ధతి. అడ్డు ఎక్కడుందో గుర్తు కూడా అక్కడే ఉండాలి.

పైగా మనుషుల చూపు మారిపోయింది. ఆఫీసు కారిడార్‌లో నడిచేవాళ్లలో సగంమంది ఫోన్ చూస్తూ నడుస్తారు. తల వంచిన మనిషికి గోడ మీది బోర్డు కనపడదు, కాళ్ల ముందు నేల మాత్రం ఫోన్ అంచు పక్కనుంచి కనపడుతూనే ఉంటుంది. అలాంటి చోట నేల పట్టీకి పోటీ లేదు.

కానీ ఒక్క సందర్భంలో నేల గుర్తు ఓడిపోతుంది. రెండు చేతులా కార్టన్ ఎత్తుకున్న మనిషికి నేల కనపడదు, కార్టన్ అడ్డం. జీడిమెట్లలో పడ్డ హెల్పర్ పరిస్థితి అదే. అలాంటి వాళ్లకు కంటి ఎత్తున, ఎదురుగా బోర్డు ఉండాలి. అది కూడా మెట్టు మీద కాదు, రెండు మూడు మీటర్ల ముందు. బోర్డు చూసి, అడుగు తగ్గించి, కాలితో వెతుక్కునే సమయం దొరకాలి కదా. ట్రాలీ తోసేవాళ్లదీ దాదాపు ఇదే కథ. సరుకు వెనకనుంచి వాళ్లకు ట్రాలీ ముందు చక్రం ఎక్కడుందో తెలియదు.

కాబట్టి నా లెక్క ఇలా ఉంటుంది. ఉద్యోగులు, విజిటర్లు తిరిగే ఆఫీసు అయితే డబ్బంతా నేల పట్టీల మీద పెట్టండి, గోడ బోర్డు తర్వాత చూడొచ్చు. సరుకు మోసే గోడౌన్, ఫ్యాక్టరీ అయితే రెండూ కావాల్సిందే. అక్కడ గోడ బోర్డు రెండు వైపులా ఉంటే మంచిది, ఒక్కటే పెడితే దిగే వైపు పెట్టండి. వెళ్లేటప్పుడు ఎక్కే మెట్టు, వచ్చేటప్పుడు దిగే మెట్టు అవుతుంది, దిగేటప్పుడే ఎక్కువ ప్రమాదం. పైనుంచి చూస్తే రెండు మట్టాలూ ఒకే బండలా కలిసిపోయి కనిపిస్తాయి.

నేల పట్టీ వేసేటప్పుడు ఒక చిన్న విషయం చాలామంది వదిలేస్తారు. పట్టీ మెట్టు అంచుకు సరిగ్గా ఆనుకుని ఉండాలి. రెండంగుళాలు లోపలికి వేస్తే, పట్టీ ఉన్నచోటే అంచు అని కన్ను నమ్ముతుంది, మిగిలిన రెండంగుళాల దగ్గర కాలు తడబడుతుంది. దిగేవాడికి మెట్టు పైభాగం కనిపిస్తుంది, ఎక్కేవాడికి నిలువు భాగం కనిపిస్తుంది. కాబట్టి పట్టీ అంచు మీదుగా మడిచి రెండు భాగాలకూ రావాలి. టేప్ మడిస్తే కొన్నాళ్లకు లేస్తుంది కాబట్టి, తిరుగుడు ఎక్కువున్న మెట్లకు చారలున్న అల్యూమినియం అంచు పట్టీ స్క్రూలతో బిగించడం మంచిది. ఖర్చు ఎక్కువే, కానీ మూడు నెలలకోసారి టేప్ మార్చే కూలీతో పోల్చుకుంటే గిట్టుబాటే.

ఇంకొకటి. పది మెట్లున్న చోట జనం తక్కువ పడతారు, మెట్లు వస్తున్నాయని దూరం నుంచే తెలుస్తుంది. ఒకే ఒక్క మెట్టు ఉన్న చోట పడతారు. బడ్జెట్ తక్కువుంటే ఆ ఒంటి మెట్లకే మొదట ఖర్చుపెట్టండి.

చూపు లేనివాళ్లకు ఈ పసుపులు, బొమ్మలు ఏవీ పనికిరావని మర్చిపోకూడదు. మెట్రో స్టేషన్లలో ఉబ్బెత్తు చుక్కల పలకలు చూసుంటారు. మెట్టుకు ముందు ఒక వరస ఆ పలకలు వేస్తే చేతికర్రకు, చెప్పుకు తగిలి తెలుస్తుంది. చూపు ఉండి ఫోన్‌లో మునిగినవాళ్లకు కూడా తెలుస్తుంది, అది అదనపు లాభం.

ఏ నేలకు ఏ సరుకు

నేల గుర్తుకు మూడు దారులున్నాయి: జిగురు టేప్, వినైల్ స్టిక్కర్, పెయింట్.

నున్నటి టైల్, గ్రానైట్ మీద టేప్ బాగా పట్టుకుంటుంది. ముందు రోజు రాత్రి తుడిచి ఆరబెట్టి, మైనం పాలిష్ లేకుండా చూసుకుని అంటించాలి. షాబాద్ బండలు, తాండూరు బండలు పరిచిన పాత షెడ్లలో టేప్ డబ్బు నీళ్లపాలు. బండ గరుకు, జాయింట్లలో దుమ్ము, అడుగునుంచి చెమ్మ. వారానికే అంచులు లేస్తాయి. లేచిన టేప్ అంచు కూడా కాలికి అడ్డమే కదా. అక్కడ గట్టిగా పట్టే ఎపాక్సీ పెయింటే గతి. ఆరేదాకా ఆ దారి మూయాలి, కాబట్టి ఆదివారం చూసుకుని వేయించండి.

వినైల్ స్టిక్కర్ మీద బొమ్మ, మాట వస్తాయి, చూడ్డానికి బాగుంటుంది. కానీ గోడకు వేసే మామూలు స్టిక్కర్‌నే నేలకు వేస్తే తడిసినప్పుడు సబ్బులా జారుతుంది. తట్టుకోవద్దని పెట్టింది జారి పడేస్తుంది. నేలకు వేసేది అని చెప్పి, పైన గరుకు లామినేషన్ వేయించుకోవాలి. బయట మెట్లకు, వాన జల్లు కొట్టే వరండాలకు ఇసుక కాగితంలా గరుకుగా ఉండే పట్టీలు దొరుకుతాయి. పసుపు నలుపు చారలతో వచ్చేవి కొంటే ఒక్క పట్టీతో రెండు పనులు.

రంగు విషయంలో కూడా నేలను చూసి నిర్ణయించాలి. ముదురు గ్రానైట్ మీద ఒట్టి పసుపు గీత మెరిసిపోతుంది. అదే పసుపు గీత పసుపు ఛాయ తాండూరు బండ మీద, లేత గోధుమరంగు విట్రిఫైడ్ టైల్ మీద కలిసిపోతుంది. పాత షెడ్లలో ఇంకా నారింజ వెలుగు సోడియం దీపాలుంటే పరిస్థితి మరీ అన్యాయం, ఆ వెలుతురులో పసుపు పసుపులా కనపడదు. ఇలాంటి చోట్ల నలుపు చారలున్న పట్టీయే వేయాలి. తేడా చూపించేది నలుపే. అసలు ఆ మూల ఒక ఎల్‌ఈడీ లైటు వేయిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

రేడియం అన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన దగ్గర మెరిసేదంతా రేడియమే. దుకాణంలో అడిగితే బండ్ల వెనక అంటించే స్టిక్కర్ ఇస్తారు. అది తన మీద పడిన వెలుతురును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది, అంతే. బేస్‌మెంట్ పార్కింగ్‌లో స్తంభాలకు బాగుంటుంది, కారు లైటు పడగానే డ్రైవర్‌కు కనిపిస్తుంది. చేతిలో లైటు లేకుండా నడిచే మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. కరెంటు పోయినప్పుడు మెట్ల దారిలో కనిపించాలంటే చీకట్లో తానే వెలిగే రకం కావాలి, లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. అదైనా ముందు వెలుతురు తాగి ఉండాలి. మెట్ల దారిలో లైట్లన్నీ సెన్సర్‌తో నడుస్తూ రోజంతా ఆరిపోయి ఉండే బిల్డింగుల్లో ఆ పట్టీలు అంటించి చూశాను. కరెంటు పోయినప్పుడు అవీ మాతో పాటే చీకట్లో ఉన్నాయి.

గోడ బోర్డుల సరుకు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లోపల గోడలకు సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురగ పలక) మీద వినైల్ చాలు. ఎండ, వాన తగిలే చోట ఏసీపీ షీట్ (అల్యూమినియం రేకుల పలక) కావాలి. సన్‌బోర్డు ఒక్క వానాకాలానికి అంచుల దగ్గర విచ్చుకుంటుంది. యాక్రిలిక్ అందంగా ఉంటుంది కానీ ఎదురుగా ట్యూబ్‌లైటుంటే బోర్డు కాదు, లైటు కనిపిస్తుంది. ఫ్లెక్స్ వద్దు. ఏ4 కాగితం లామినేషన్ వారం పనికే తప్ప ఏడాది పనికి కాదు.

బొమ్మలో తిరకాసు

"జారే బొమ్మ రెడీగా ఉందన్నా, అదే ఏసేస్తా. రెండూ ఒకటే కదా," అన్నాడు ఒక ప్రింటింగ్ షాపు కుర్రాడు. ఒకటి కావు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 7010లో నేల మీద అడ్డు ఉందని చెప్పే గుర్తు నంబర్ డబ్ల్యూ007, జారుడు నేలకు డబ్ల్యూ011. మన దేశంలో భద్రతా రంగులు, గుర్తులకు ఐఎస్ 9457 అనే భారతీయ ప్రమాణం ఉంది. షాపులో నంబర్ చెబితే ఇంటర్నెట్‌లో చూసి సరైన బొమ్మ తీస్తారు. నంబర్లు గుర్తులేకపోతే బొమ్మలో మనిషిని చూడండి. దిమ్మె తగిలి ముందుకు పడుతుంటే తట్టుకునేది, కాలు జారి వెనక్కి పోతుంటే జారుడుది. తేడా ఎందుకంటే మనిషి ఏం చేయాలన్నది మారిపోతుంది. జారుడు బొమ్మ చూసినవాడు అడుగు చిన్నగా, కాలు నేలకు దగ్గరగా వేస్తాడు. మెట్టు దగ్గర కాలు అలా ఈడిస్తే సరిగ్గా తట్టుకుంటాడు.

మాటల సంగతికొస్తే, ఒక చోట తెలుగులో 'ప్రయాణ ప్రమాదం' అని రాసి ఉన్న బోర్డు చూశాను. 'ట్రిప్ హజార్డ్' అన్న ఇంగ్లిష్ మాటను ఏదో యాప్‌లో వేసి తిప్పేశారు, అది ట్రిప్ అంటే తట్టుకోవడం అనుకోకుండా ప్రయాణం అనుకుంది. దాని కింద నిలబడి ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం కానీ, ఆ బోర్డు అక్కడ ఏళ్లుగా ఉందట. ఒట్టి 'జాగ్రత్త' కూడా పెద్ద గొప్పదేం కాదు. దేనికి జాగ్రత్త? కుక్కకా, కరెంటుకా? 'తట్టుకుని పడే ప్రమాదం కలదు' అన్నది వ్యాకరణం ప్రకారం బాగానే ఉంది, చదివేలోపు పడిపోతాం. 'మెట్టు ఉంది', 'కింద పైపు ఉంది', 'నేల ఎత్తుపల్లం' ఇలా అక్కడున్న వస్తువు పేరే రాయండి. రెండు మాటలు, పెద్ద అక్షరాలు. తెలుగు అక్షరాలకు ఒత్తులు, గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ అక్షరం కంటే కొంచెం పెద్దగా వేయకపోతే దూరానికి ముద్దగా కనిపిస్తాయి. పటాన్‌చెరు, చర్లపల్లి వైపు యూనిట్లలో ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది పనిచేస్తారు. వాళ్ల కోసం తెలుగుతో పాటు హిందీ కూడా ఉండాలి, అంతకుమించి బొమ్మ పెద్దగా ఉండాలి. నాలుగు భాషలు కుక్కితే బొమ్మ గోలీకాయంత అవుతుంది.

బోర్డు సైజుకు ఒక పాత సూత్రం ఉంది. ఎంత దూరం నుంచి కనిపించాలో ఆ మీటర్లను దానితోనే గుణించి 2000తో భాగిస్తే బోర్డు వైశాల్యం చదరపు మీటర్లలో వస్తుంది. లెక్క వేసుకోవడం కష్టమనిపిస్తే ఇది గుర్తుంచుకోండి: ఏ4 సైజు దాదాపు 11 మీటర్ల దాకా, ఏ3 సైజు 15 మీటర్ల దాకా. ఆఫీసు కారిడార్‌కు ఏ4 చాలు, పెద్ద షెడ్డుకు ఏ3 కావాలి. అంతకంటే పెద్దది కొనే ముందు దానికి వెలుతురు ఉందా అని చూడండి. పెద్ద బోర్డు చీకట్లో పెడితే చిన్న బోర్డే.

మూడు చోట్ల నేనేం పెట్టాను

బేగంబజార్‌లో మాకు తెలిసినాయన గోడౌన్. షట్టర్ చానల్ దగ్గర మెట్టు, ఆ వెంటనే లోపల చీకటి. ఎండలోంచి లోపలికి అడుగుపెట్టినవాడికి కాసేపు కళ్లు కనపడవు. ఆయన పెద్ద బోర్డు పెట్టమన్నాడు. నేను ముందు షట్టర్ లోపలి పక్క ఒక ట్యూబ్‌లైటు వేయించి, చానల్‌కు రెండు పక్కలా పసుపు నలుపు పెయింట్ వేయించాను. బోర్డు ఒక్కటే, దిగే వైపు, కంటి ఎత్తున. హమాలీలు మూటలు తలమీద మోస్తారు, మెడ వంచలేరు, నేల పెయింట్ వాళ్లకు సగమే పనిచేస్తుంది. అందుకే ఆ బోర్డు.

గచ్చిబౌలిలో ఒక ఆఫీసు. మీటింగ్ హాలులో నేల మీద ప్లగ్ పెట్టెల మూతలు తెరిచి వదిలేస్తారు. ఎనిమిది చోట్ల స్టిక్కర్లు అంటించమన్నారు. అంటించలేదు. మూతలను వైర్లు బయటకొచ్చేలా గాడి ఉన్నవాటితో మార్పించాను, ఇప్పుడు మూసే ఉంటాయి. బతుకమ్మ, దీపావళి వేడుకలప్పుడు కారిడార్‌లో సీరియల్ లైట్లకు, స్పీకర్లకు వైర్లు లాగుతారు. ఆ రెండు మూడు రోజులకు కేబుల్ కవర్లు స్టోర్‌లో పెట్టాం, అయిపోగానే మళ్లీ లోపలికి. వైర్లకు మామూలు సెల్లోటేప్ వేస్తే సాయంత్రానికి లేచి మరింత ప్రమాదం.

మూడోది ఏ బిల్డింగ్‌కైనా వర్తించేదే. వానాకాలం మొదలవగానే ద్వారం దగ్గర అట్టముక్కలు, గోనెసంచులు పరుస్తారు. తడిసి, అంచులు చుట్టుకుని, కాలికి తగులుకుంటాయి. వాటికి ఏ బోర్డూ సరిపోదు. రబ్బరు అంచు ఉన్న బరువైన మ్యాట్ కొనండి. గ్రానైట్‌తో సమానంగా గుంత చేసి మ్యాట్‌ను అందులో కూర్చోబెడితే ఇంకా మంచిది.

పెట్టాక చూడాల్సింది

బోర్డులన్నీ పెట్టేశాక ఆ దారి అలవాటులేని మనిషిని ఒకసారి నడిపించండి. కొత్తగా చేరిన కుర్రాడైనా, కొరియర్ తెచ్చినాయనైనా సరే. చేతికి ఒక ఖాళీ కార్టన్ ఇచ్చి రానివ్వండి. మీరు పక్కన నడుస్తూ ఎక్కడ అడుగు తగ్గించాడో చూడండి. చివర్లో "ఏం బోర్డులు చూశావు" అని అడిగితే వచ్చే జవాబు ఏ ఆడిట్ రిపోర్టులోనూ దొరకదు. నేనొకసారి అడిగితే ఆ అబ్బాయి వరసగా చెప్పాడు: చెప్పులు ఇక్కడ వదలండి, సీసీ కెమెరా ఉంది, పొగ తాగరాదు, క్యాంటీన్ అటు. మెట్టు బోర్డు పేరు రాలేదు. ఒకే గోడకు పదకొండు కాగితాలుంటే పన్నెండోది ఎవరికి కనపడుతుంది! ఆ గోడ మీద మిగతావన్నీ తీసి నోటీసు బోర్డుకు మార్చాకే మెట్టు బోర్డు బతికింది.

తాత్కాలిక బోర్డు వెనక మార్కర్‌తో తేదీ, తీసేయాల్సిన మనిషి పేరు రాయడం మంచి పద్ధతి. నెలకోసారి టేపుల అంచులు, పెయింట్ అరుగుదల చూసుకోవాలి.

జీడిమెట్ల మెట్టు సంగతి చెప్పలేదు కదూ. హెల్పర్ పడ్డాక బోర్డును తలుపు మీంచి తీసి పక్క గోడకు, కంటి ఎత్తున పెట్టించాం, మెట్టు అంచుకు పెయింట్ వేయించాం. ఆరు నెలల తర్వాత ఎట్టకేలకు మేనేజర్ ఒప్పుకుని ర్యాంప్ పోయించాడు. బోర్డు మాత్రం ఎవరూ తీయలేదు. అది చూసి, లేని మెట్టు కోసం కాలు ఎత్తి వేసి, వాలు మీద తూలేవాళ్లు కొత్తవాళ్లు. ఒకరోజు నేనే స్క్రూడ్రైవర్ తెచ్చి ఊడదీశాను.